వాలుజల్లుకు ఎదురైన గట్టు

(మండపేటలో సర్ ఆర్థర్ కాటన్ స్మారకోపన్యాసంగా చదివిన పాఠం)



కాటన్ దొర పేరు మీద గోదావరి జిల్లాల్లో ఎక్కడ సభ పెట్టినా మాట నీటితో మొదలై నీటితోనే ముగుస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట నిలబెట్టి, కరువులతోనూ తుపాన్లతోనూ చితికిపోయిన జిల్లాను వరి పండే జిల్లాగా మార్చిన మనిషి ఆయన. అయితే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నది మీద కట్టింది రాతి కట్టడం. దాని దిగువన డెల్టా పొడవునా పోసిందంతా మట్టి. ఏటిగట్లు మట్టివి, కాలువ గట్లు మట్టివి, మురుగు కాలువల ఒడ్లు మట్టివి, బోదెల గట్లు, చేల గట్లు అన్నీ మట్టివే. పది లక్షల ఎకరాలకు నీరందేది ఈ మట్టి నిలబడినంతకాలమే. అందుకని ఈ రోజు నీటి సంగతి పక్కనపెట్టి మట్టి గురించి మాట్లాడతాను. గాలీ వానా కలిసి వచ్చినప్పుడు ఆ మట్టికి ఏమవుతుందో చెబుతాను.

నేలకోత గురించి చదువుకున్న పుస్తకాల్లో రెండు అధ్యాయాలు ఉంటాయి. ఒకటి నీటికోత: కొండవాలు, పోడు భూములు, వాగులు. రెండోది గాలికోత: ఎడారి, ఇసుక దిబ్బలు. డెల్టా ఈ రెండింట్లోనూ కనబడదు. మనది చదును నేల, మడి చుట్టూ గట్టు, ఏడాదిలో చాలా నెలలు నిలిచిన నీళ్ళు. కాబట్టి మనకు నేలకోత లేదన్న నమ్మకం రైతులోనూ ఉంది, అధికారిలోనూ ఉంది. ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. మడిలో మట్టి కదలదు, నిజమే. కదిలేది గట్టు. డెల్టాలో నేల వాలంతా గట్లలోనే ఉంది. ఆ గట్లన్నీ కలిపి కొలిస్తే మన్యంలో కొండవాలుకు తీసిపోని వాలు తేలుతుంది.

చినుకు దగ్గర మొదలుపెడదాం. గాలి లేనప్పుడు మూడు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఐదు మిల్లీమీటర్లదైతే 9 మీటర్లు, మిల్లీమీటరు తుంపర అయితే 4 మీటర్లు. ఎంత ఎత్తు మబ్బు నుంచి పడినా అంతకుమించి వేగం పెరగదు. ఎకరం చేను మీద అంగుళం వాన కురిస్తే లక్ష లీటర్ల నీళ్ళు, అంటే వంద టన్నుల బరువు పడినట్టు. దాన్ని మూడు మిల్లీమీటర్ల చినుకులుగా లెక్కగడితే ఏడు వందల కోట్ల దెబ్బలు. 1940లలో అమెరికాలో డబ్ల్యు. డి. ఎలిసన్ ప్రయోగాలు చేసి చూపించేదాకా నేలను కోసేది పారే నీరేనని అందరూ అనుకునేవారు. తొలి దెబ్బ చినుకుదేననీ, మట్టి గడ్డను చితక్కొట్టి రేణువులుగా విడదీసేది అదేననీ, పారే నీరు ఆ విడివడిన మట్టిని మోసుకుపోతుందనీ ఆయన తేల్చాడు.

చితికిన రేణువు ఎగురుతుంది. గాలి లేని వానలో, చదును నేల మీద, అది నాలుగు దిక్కులా సమానంగా చెదురుతుంది. నా చేలోంచి మీ చేలోకి ఎంత ఎగిరిందో మీ చేలోంచి నా చేలోకి అంత వస్తుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. గాలి తోడైన క్షణం ఈ లెక్క మారిపోతుంది. ఎగిరిన ప్రతి రేణువూ గాలి పోయే వైపే పడుతుంది. ఒక దెబ్బకు అడుగో రెండడుగులో జరుగుతుంది, మరో చినుకు పడగానే ఇంకో అడుగు జరుగుతుంది. పారే నీరు లేకపోయినా, వాలు లేకపోయినా మట్టికి ఒక దిక్కు దొరుకుతుంది. గాలివాన చదును నేలకు కూడా ఒక పల్లం చూపిస్తుంది. డెల్టాలో మనం పట్టించుకోవలసిన మొదటి సంగతి ఇదే.

రెండోది దెబ్బ బలం. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 10 మీటర్లు, మనకు కొత్తేమీ కాదు. వేసవిలో సాయంత్రం పూట మామిడికాయలు రాల్చే ఈదురుగాలికి అంత వేగం ఉంటుంది. చినుకు ఆ వేగాన్ని పూర్తిగా అందుకుంటే కిందకి 8 మీటర్లు, పక్కకి 10 మీటర్లు. రెండూ కలిసి దాని శక్తి రెండున్నర రెట్లవుతుంది. గాలి 72 కిలోమీటర్లకు పెరిగితే ఏడు రెట్లు. నేలకు దగ్గరగా గడ్డి, చెట్టు, ఇల్లు గాలిని అదుపు చేస్తాయి కాబట్టి ఏడు రెట్ల దెబ్బ పూర్తిగా నేలకు తగలదు. అదుపు చేసేది ఏదీ లేని బోడి గట్టుకు మాత్రం అందులో ఎక్కువ పాలు తగులుతుంది. ప్రపంచమంతా వాడుతున్న నేలకోత సూత్రం ఒకటి ఉంది, విష్‌మైయర్, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు 1965లో ఇచ్చినది. అది వాన జోరును లెక్కలోకి తీసుకుంటుంది కానీ, గాలిని తీసుకోదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో గాలి సొరంగం కట్టి, అందులోనే కృత్రిమంగా వాన కురిపించి, గునయ్ ఎర్పుల్, డొనాల్డ్ గాబ్రియెల్స్ బృందం ఈ లోటును చాలావరకు పూరించింది. అయినా ఆ జ్ఞానం మన కాలువ గట్టు అంచనాల దాకా ఇంకా రాలేదు.

మూడో సంగతి మన గట్లకు నేరుగా తగిలేది. గట్టు పక్కతలం 45 డిగ్రీల వాలు అనుకోండి. గాలి లేని వానలో రెండు వైపులా సమానంగా తడుస్తుంది. అదే వాన, అంతే వాన, సెకనుకు 8 మీటర్ల గాలితో కలిసి గట్టుకు అడ్డంగా వస్తే చినుకు కూడా 45 డిగ్రీలు వాలుతుంది. అప్పుడు గాలికి ఎదురుగా ఉన్న తలం మీద నిటారు వానలో పడే నీటికి సరిగ్గా రెట్టింపు పడుతుంది. పడేదీ ఆ తలానికి నిలువుగా, మేకు దిగ్గొట్టినట్టు పడుతుంది. చాటు తలం మీద దాదాపు ఏమీ పడదు. వానమాపకం మాత్రం రెండు రోజులకూ ఒకే అంకె చూపిస్తుంది. మండల కార్యాలయంలో రాసుకున్న మిల్లీమీటర్లు చూసి, వాన మామూలే కదా, గట్టు ఎందుకు కరిగిందని అడిగేవారికి జవాబు ఇది.

ఇదంతా కంటితో చూడవచ్చు. జూన్ మొదట్లో గట్లు చెక్కి తడిమట్టి వేశాక, అది కాస్త ఆరాక, గాలితో ఒక జల్లు కొట్టిన మర్నాడు పొద్దున చేలోకి వెళ్ళి గట్టు పక్కన గొంతుక్కూర్చోండి. ఒక వైపు నున్నగా, చేతివేళ్ళ గుర్తులు కూడా చెదరకుండా ఉంటుంది. రెండో వైపు చిన్న చిన్న గుంటలు పడి ఉంటుంది. ఆ వైపు గట్టులో ఎక్కడైనా పెంకుముక్కో, నత్తగుల్లో, ఎండుటాకో ఉంటే దాని కింద మట్టి చిన్న దిమ్మెలా నిలబడి ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి పోయింది, గొడుగు కింద ఉన్నది మిగిలింది. ఆ దిమ్మె ఎత్తు ఎంతో, రాత్రి పోయిన మట్టి మందం అంత. ఇంకాస్త పరికించి చూస్తే ఆ దిమ్మె నిటారుగా ఉండదు, గాలి వచ్చిన వైపుకు వాలి ఉంటుంది. చినుకు ఏ కోణంలో వచ్చిందో అదే కోణం. పక్కన కొబ్బరిచెట్టు ఉంటే దాని మొదలు దగ్గర, మోకాలి ఎత్తు వరకు, మట్టి మరకలు ఒక్క వైపే కనబడతాయి. వ్యవసాయ కళాశాల పిల్లలకు నేలకోత పాఠం చెప్పేవారు నల్లబల్ల మీద బొమ్మ గీసే ముందు ఈ గట్టు దగ్గరికి తీసుకెళ్ళాలని నా మనవి.

మనదాకా రాకముందు ఆంధ్రదేశంలోనే ఉన్న మరి రెండు చోట్ల సంగతి చెప్పాలి. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల మీదుగా వేదవతి పారుతుంది. అక్కడివారు హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే ఆ ఏటి ఇసుకను నైరుతి గాలులు లేపి ఒడ్డునున్న చేల మీద పోస్తాయి. ఒకప్పుడు పైరు పండిన చోట ఇసుక దిబ్బలు లేచాయి. అక్కడ గాలికీ వానకీ వంతులున్నాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలిదే రాజ్యం, వాన వస్తే ఆ తర్వాతే. వాన తడిపిన నాలుగు రోజులు ఇసుక కుదురుగా ఉంటుంది. అంటే అక్కడ వాన గాలికి కళ్ళెం వేస్తుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య తీరంలోని ఎర్రమట్టి దిబ్బలు మరో రకం. వేల ఏళ్ళ కిందట గాలి ఇసుకను పోగుచేసింది, తర్వాత వానలు దాన్ని గెడ్డలుగా, గోడలుగా కోసుకుంటూ వచ్చాయి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అక్కడా ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయి. గోదావరి డెల్టాలో అలా కాదు. ఇక్కడ రెండూ ఒకే పూట, ఒకే దిక్కు నుంచి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలితో వచ్చే జడివానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లు. కోస్తా మట్టి కథ ఈ రెండు రుతువుల్లోనే ఉంది.

తుపాను దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన వైపు తుపాను గాలి ఎడమచేతి వాటంగా, అపసవ్యంగా తిరుగుతుంది. తుపాను తీరం దాటే చోటుకు ఉత్తరాన ఉన్న ఊళ్ళకు మొదట ఈశాన్యపు గాలి, తర్వాత తూర్పు గాలి, చివరికి ఆగ్నేయపు గాలి తగులుతుంది. దక్షిణాన ఉన్న ఊళ్ళకు ఉత్తరం గాలితో మొదలై వాయవ్యం, పడమర మీదుగా నైరుతికి తిరుగుతుంది. తుపాను కన్ను నెత్తి మీదుగా పోయిన ఊరికి కాసేపు గాలి స్తంభించి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. కోనసీమలో 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవారు గాలి తిరిగిన గంటను ఈనాటికీ చెబుతారు. మట్టికి దీని అర్థం ఏమిటంటే, మామూలు గాలివానలో గట్టుకు ఒక వైపే దెబ్బ తగులుతుంది, తుపానులో అదే రాత్రి రెండు వైపులా తగులుతుంది. మొదటి సగంలో చాటున ఉండి నీళ్ళు పీల్చి మెత్తబడిన తలం రెండో సగంలో గాలికి ఎదురవుతుంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం చేరువలో దాటింది. ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క. అదే కాలువ, అదే గట్టు, కానీ ఒక తుపానుకు దెబ్బ తిన్న పక్క వేరు, మరో తుపానుకు వేరు. తుపాను దాటిన చోటు మనకు ఉత్తరానా దక్షిణానా అన్నది గుర్తుపెట్టుకుని గట్లు చూడ్డానికి వెళ్ళే లస్కరు సగం పని ముందే పూర్తి చేసుకున్నట్టు.

వాన ఎక్కువై చేలు నిండాక చినుకు దెబ్బ తగ్గుతుంది. నిలిచిన నీరు మట్టిని కాపాడుతుంది. అప్పుడు గాలి ఇంకో పని మొదలుపెడుతుంది. సార్వా పైరు నేలకు ఒరిగి, మురుగు లాగక, గట్లు మునిగీ మునగకా ఉన్నప్పుడు అర కిలోమీటరు, కిలోమీటరు పొడవునా నీరు ఒకటే చెరువైపోతుంది. దాని మీద తుపాను గాలి జానెడు ఎత్తు అలలు లేపుతుంది. జానెడు అల ఏం చేస్తుందిలే అనిపించవచ్చు. అది రాత్రంతా, ఆగకుండా, నీటిమట్టం దగ్గర ఒకే గీత మీద కొడుతుంది. తెల్లారేసరికి గట్టు కింద గూడు పడుతుంది, పైన మట్టి పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతుంది. ఆక్వా చెరువుల గట్లకూ ఇదే గతి. పాత రోజుల్లో రైతులు గాలి వచ్చే వైపు రాటలు పాతి కొబ్బరి మట్టలు ఆనించేవారు. అల విరిగి, మెత్తబడి గట్టును తాకేది. ఇంతకంటే చవకైన, ఇంతకంటే తెలివైన రక్షణ ఇంజనీర్లు కూడా చెప్పలేరు.

తుపాను చేసే నష్టాల్లో మూడోది చెట్టు. డెల్టాలో గాలీ వానా కలిసి చేసే అన్ని నష్టాల్లోనూ ఎక్కువ మట్టిని ఒక్క దెబ్బకు తీసుకుపోయేది చెట్టు కూలడమే. రెండు రోజుల వానకు గట్టు మట్టి నీళ్ళు తాగి వేళ్ళను పట్టుకునే బిగి కోల్పోతుంది. అప్పుడు గాలి వస్తుంది. ఎండు నేలలో అంతే గాలికి కొమ్మ విరిగేది, ఇప్పుడు చెట్టు వేళ్ళతో సహా లేస్తుంది. 1996లో కోనసీమలో కూలిన కొబ్బరిచెట్లను లక్షల్లో లెక్కించారు. మనం కాయల నష్టం లెక్క రాశాం, చెట్ల నష్టం లెక్క రాశాం. లేచిన ప్రతి మొదలుతోపాటు గట్టులో పడిన గోతి లెక్క ఎవరూ రాయలేదు. కాలువ గట్ల మీద నిద్రగన్నేరు చెట్లు పెద్ద పందిరిలా విస్తరిస్తాయి. నీడ బాగుంటుంది, కాదనను. ఆ పందిరికి గాలి పట్టినప్పుడు వేళ్ళు గట్టులో సగం వెడల్పు మట్టిని ఎత్తిపట్టుకుని లేస్తాయి. ఆ గోతిని ఇసుక మూటలతో పూడ్చి, పైన గ్రావెల్ చల్లి మరిచిపోతాం. మరుసటి వరదకు గండి పడితే అక్కడే పడుతుంది. తాడిచెట్టు మాత్రం నిలబడుతుంది. దాని తలకాయ చిన్నది, వేళ్ళు లోతుకు దిగుతాయి. చేల గట్ల మీద తాళ్ళను ఉంచిన పెద్దలు కల్లు కోసమో, తాటాకు కోసమో ఉంచి ఉండవచ్చు. ఏ కారణంతో ఉంచినా గట్టుకు మేలు జరిగింది. ఇప్పుడు ఆ తాళ్ళు నరికి ఇటుక బట్టీలకు కట్టెగా పంపుతున్నాం. 

ఇంతకాలం ఇదంతా మన కంటికి ఎందుకు ఆనలేదు? పోయిన మట్టికి బదులు గోదావరి ప్రతి ఏడాదీ తెచ్చి ఇచ్చేది కాబట్టి. జులైలో ఎర్రనీరు వచ్చిందంటే కాలువల్లో, బోదెల్లో, మడుల్లో ఒండ్రు పడేది. కపిలేశ్వరపురం వైపు లంక రైతుకు వరద అంటే పంట నష్టమే కాదు, మెరక వేసే కొత్త మట్టి కూడా. గాలివాన కోసినదాన్ని ఏరు పూడ్చేది. ఆ బాకీ ఇప్పుడు తీరడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1971–79 మధ్య ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నులు ఉండగా, 1990–98 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన మహారాష్ట్ర, తెలంగాణల్లో కట్టిన జలాశయాల్లో ఆ మట్టి నిలిచిపోతోంది. డెల్టా సముద్రపు అంచున 1976 నుంచి 2001 దాకా కొత్తగా చేరిన నేల పోగా మిగిలిన లెక్క చూస్తే 1,836 హెక్టార్ల నేల తరుగు తేలిందని కూడా వారే లెక్కగట్టారు. పోలవరం నిండాక మనకు నీరు స్థిరంగా వస్తుంది, దాన్ని నేను కోరుకుంటున్నాను. ఒండ్రు మాత్రం ఇంకా తగ్గుతుంది. ఇక మీదట గట్టు నుంచి పోయిన తట్టెడు మట్టి పోయినట్టే, దాని చోటుకు కొత్త మట్టి రాదు.

దేశం మొత్తానికి ఏడాదికి 533 కోట్ల టన్నుల మట్టి స్థానభ్రంశం అవుతోందని, హెక్టారుకు సగటున 16 టన్నులకు పైనేనని 1983లో ధ్రువనారాయణ, రామ్‌బాబు చెప్పిన అంకె చాలామంది విన్నదే. అందులో సుమారు 29 శాతం సముద్రం పాలవుతుందని, 10 శాతం జలాశయాల్లో పూడుకుంటుందని, మిగిలినది ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుతుందని కూడా వారు చెప్పారు. డెల్టా గట్టు మట్టి ఎక్కువగా ఈ మూడో పద్దులోకి వస్తుంది. ఊళ్ళోనే ఉంటుంది, కానీ ఉండవలసిన చోట ఉండదు. గట్టు మీద ఉండవలసిన మట్టి మురుగు కాలువ అడుగున చేరుతుంది. తుల్యభాగ లాంటి డ్రెయిన్లు పూడుకుంటే వాననీరు చేలల్లోనే నిలుస్తుంది, నిలిచిన నీటి మీద గాలి అలలు లేపుతుంది, అలలు ఇంకో గట్టును తింటాయి. ఏటా పూడిక తీయడానికి పెట్టే డబ్బులో కొంతయినా, ఆ పూడిక ఎక్కడి నుంచి వచ్చిందో చూడ్డానికి పెట్టాలి.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పనులు. గట్టు మీద గడ్డిమందు కొట్టడం గురించి నేను గట్టిగానే మాట్లాడతాను. పాడి తగ్గింది, గట్టు మీద గడ్డి కోసుకునే ఆడవాళ్ళు లేరు, గడ్డి పెరిగితే ఎలుకలు బొరియలు చేస్తాయి, పాములు చేరతాయి. రైతు చెప్పే ఈ కారణాలన్నీ నిజమే. కానీ మందు కొట్టాక గడ్డి ఆకు మాడి ఊరుకోదు, పదిహేను రోజుల్లో వేరు కూడా కుళ్ళుతుంది, గట్టు పైపొర పిండిపిండి అవుతుంది. సరిగ్గా ఆ స్థితిలో తొలి గాలిజల్లు దొరికితే గట్టు ఒక్క పూటలో వేలెడు మందం కోల్పోతుంది. ఎలుకకు పొడుగు గడ్డి కావాలి, గట్టుకు పొట్టి గడ్డి చాలు. నేలకు అంటిపెట్టుకుని కణుపు కణుపుకూ వేరు దించే గరిక ఉంటే, దాన్ని ఏడాదికి రెండు మూడుసార్లు కోస్తే, రైతుకూ గట్టుకూ సరిపోతుంది. కాలువ గట్ల పక్కతలాలకు వట్టివేరు మంచిది, దాని వేళ్ళు నిలువునా దిగుతాయి. ఏటి అంచున రెల్లు ఉంటే దాన్ని పీకవద్దు. లంకల్లో రెల్లు తగలబెట్టి బీడు బాగుచేసిన చోట ఒడ్డు ఎంత తొందరగా విరుగుతోందో లంకవారిని అడిగితే చెబుతారు. పెద్ద చెట్లు కావాలంటే గట్టు నెత్తిన వద్దు, బయటి పాదం దగ్గర వేయండి.

రెండో పని కాలానికి సంబంధించింది. కాలువలు కట్టేసేది దాళ్వా అయ్యాక, వేసవిలో. మరమ్మతులు, పూడికలు, గట్లు ఎత్తు పెంచడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. అంటే మే నెలాఖరుకు మైళ్ళ పొడవున పచ్చి మట్టి, ఒక్క గడ్డిపోచ లేకుండా, రోలరు కూడా సరిగా తిరగని మట్టి, ఆకాశం కింద పరిచి ఉంటుంది. ఈదురుగాలుల వానలు కూడా అప్పుడే. మనం ఏడాది మొత్తంలో ఏ నెలలో గట్టు బలంగా ఉండాలో ఆ నెలలోనే దాన్ని బోడిగా నిలబెడుతున్నాం. కాలువలు కట్టేసే కాలాన్ని మార్చలేం. ఆ మట్టిని కప్పగలం.

కప్పడానికి వస్తువు పక్క చేలోనే ఉంది. మిషను కోసిన దాళ్వా చేలో ఎకరానికి రెండు టన్నుల దాకా గడ్డి మిగులుతుంది. దాన్ని తగలబెడుతున్నాం. మండపేట చుట్టుపక్కల ఏప్రిల్, మే రాత్రుల్లో పొగ ఎలా కమ్ముతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేల కప్పడానికి ఎకరానికి రెండు టన్నుల గడ్డి చాలునన్నది నేల సంరక్షణలో బాగా తెలిసిన లెక్క. గట్టు పక్కతలం రెండు మీటర్లు ఉంటే, ఎకరం వైశాల్యం అంటే రెండు కిలోమీటర్ల పొడవు. అంటే ఒక ఎకరం గడ్డితో రెండు కిలోమీటర్ల గట్టు ఒక పక్క కప్పవచ్చు. ఊరికే చల్లితే గాలికి లేచిపోతుంది. పలచగా పరిచి, మీద అక్కడక్కడ తడిమట్టి తట్టెలు వేసి పారతో అదమాలి. గాలి ఎక్కువ తగిలే మలుపుల్లో, తూముల పక్కన కొబ్బరి పీచుతో నేసిన వలలు పరిచి మేకులు దిగ్గొట్టాలి. ఆ వలలు రెండు మూడేళ్ళు ఉండి, ఈలోగా గరిక అల్లుకున్నాక మట్టిలో కలిసిపోతాయి. పీచు మన కోనసీమలో గుట్టలుగా పడి ఉంది, దూరం నుంచి తెప్పించనక్కర్లేదు. గరిక కణుపులు మాత్రం మేలో నాటవద్దు, ఎండకు చస్తాయి. తొలకరి తడి తగిలిన వారంలో, పరిచిన గడ్డి సందుల్లోంచి గుచ్చాలి.

దీనికి కొత్త పథకం ఏదీ అవసరం లేదు. కావలసింది ముందు మాట్లాడుకోవడం. గడ్డి మోపులు కట్టే యంత్రాలు ఇప్పుడు మన ఊళ్ళకు వస్తున్నాయి. కోత అయిన నాలుగు రోజుల్లో మోపులు గట్టు మీదికి చేరాలంటే ఏ గట్టుకు ఏ చేను దగ్గర, ట్రాక్టరు ఎవరిది, కూలి ఎవరు ఇవ్వాలి అన్నది నీటి సంఘం, పంచాయతీ, ఇరిగేషన్ వారు మార్చి నెలలోనే కూర్చుని తేల్చుకోవాలి. ఏప్రిల్ దాకా ఆగితే అగ్గిపెట్టె ముందు చేలోకి వెళ్తుంది. మండపేట కాలువ మీద ఒక్క మైలు, గాలి బాగా తగిలే తూర్పు పక్క, ఈ ఏడాది అలా కప్పి, పక్కనే ఇంకో మైలు మామూలుగా వదిలేయండి. అక్టోబరు దాటాక రెండు మైళ్ళ దగ్గరా గట్టు నెత్తి వెడల్పు టేపుతో కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.